స్వీయస్మృతులు - సత్యవ్రతము

మనుష్యుడు తన్ను గూర్చి తాను చెప్పికొనుట క్రొత్త విషయము కాదు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి మనుమలకు తన చిన్ననాటి ముచ్చటలు చెప్పు తాతగారును, తిరుమల యాత్ర చేసివచ్చి మెట్లదారిలో తనకు కలిగిన అనుభవమును ఇరుగుపొరుగువారికి వినిపించు గృహిణియు, ఉద్యోగవిరమణానంతరము నోటుపుస్తకము తెఱచి బాల్యము మొదలుకొని వ్రాయ నారంభించు పెద్దమనిషియు - అందఱును ఒక విధముగా ఆత్మకథాకారులే. అయితే చెప్పునప్పుడు కొంత పెరుగును, కొంత తరుగును. మోకాళ్ళమెట్టు నొద్ద పడిన నాలుగు చినుకులు పదియేండ్లు గడచు సరికి జడివాన యగును. వినువారు సంతోషింతురు. చెప్పువానికి దానివలన కలుగు లాభమును పెద్దగా లేదు. ఇట్టిది దోషమగునా? తన కథను వ్రాసికొనువాడు ఎంతవఱకు సత్యమునకు కట్టుబడి యుండవలెను? ఈ ప్రశ్న నాకు ఇటీవల కేవలము శాస్త్రచర్చగా గాక, నా మెడకు చుట్టుకొన్న ధర్మసందేహముగా ఎదురైనది. కావున దీనిని పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

మన సంప్రదాయము ఆత్మకథనమును నిషేధింపలేదు. శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున, ఎన్ని గ్రంథములు రచించినను మనశ్శాంతి లేక సరస్వతీతీరమున చింతించుచున్న వ్యాసభగవానునికి నారదమహర్షి తన పూర్వజన్మవృత్తాంతమును తానే చెప్పెను. తాను దాసీపుత్రుడననియు, చాతుర్మాస్యము నందు ఒకచోట నిలిచిన మహాత్ములకు పరిచర్య చేసి వారి ఉచ్ఛిష్టమును భుజించితిననియు, రాత్రివేళ పాలు పితుకుటకై వెడలిన తల్లి సర్పదష్టురాలై మరణించెననియు, ఆ మరణమును తాను భగవదనుగ్రహముగా భావించి ఉత్తరదిక్కునకు వెడలిపోయితిననియు ఏ దాపఱికము లేక వచించెను. లోకుల మెప్పును కోరువాడయినచో తల్లి దాసి యను మాటను దాచెడివాడు. లేదా, తల్లి పోయినందులకు తాను ఎంత విలపించెనో వర్ణించెడివాడు. దేవర్షి రెండును చేయలేదు. ఎదుటివాని దుఃఖమును తీర్చుటకు ఎంత అవసరమో అంత, ఉన్నది ఉన్నట్లు చెప్పెను.

అట్లే తొండరడిప్పొడి యాళ్వారు తమ తిరుమాల ప్రబంధములో తమ పూర్వపు దుష్ప్రవర్తనను తామే చెప్పికొనిరి. తెలుగున ఆత్మకథలు ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రముతో వ్యాప్తిలోనికి వచ్చినవి. హరిదాసులలో అగ్రగణ్యులైన ఆదిభట్ల నారాయణదాసుగారు 'నా యెఱుక'లో తమ యౌవనమునందలి చాపల్యములను దాచక వ్రాసికొనిరి. కావున వ్రాయవచ్చునా, కూడదా యన్నది సందేహము కాదు. ఎట్లు వ్రాయవలె నన్నదే సందేహము.

ఇక నా సంగతి. నేను బాల్యమున చదివిన పాఠశాల పూర్వవిద్యార్థులు ఒక స్మృతిసంచికను వెలువరింప సంకల్పించి, నన్నును నాలుగు పుటలు వ్రాయుమని కోరిరి. వ్రాయ కూర్చుండగనే నాకు మొదట స్ఫురించిన ఘట్టము ఒకటి కలదు. సుమారు ఏబదియేండ్ల క్రిందటి మాట. నాకప్పుడు పదుమూడేండ్లు. మా గురువుగారు తర్కసంగ్రహమునకు తమ స్వహస్తముతో ఎన్నియో యేండ్లుగా వ్రాసికొన్న వివరణల పుస్తకము వారి గదిలో వ్యాసపీఠముపై నుండెడిది. మఱునాటి పాఠములో ముందుగా సమాధానము చెప్పి మెప్పు పొందవలెనను దురాశతో ఒకనాటి రాత్రి నేను ఆ గదిలో దూరితిని. చీకటిలో మరచెంబు కాలికి తగిలి ఒరిగిపోయినది. నీరు పుస్తకము పైకి పాఱినది. సిరా అంతయు అలుకుకొనిపోయి ఇరువది పుటలకు పైగా చెడిపోయినవి. నేను చప్పుడు చేయక వచ్చి పండుకొంటిని.

ఉదయమున గురువుగారు విచారించిరి. ఆ వారము గది యూడ్చు వంతు మా సహాధ్యాయి యొకనిది. బీదయింటి పిల్లవాడు. తనకు తెలియదని అతడు చెప్పెను. గురువుగారు నమ్మలేదు. అరచేతిమీద బెత్తముతో రెండు దెబ్బలు కొట్టిరి. నేను మూడవ వరుసలో కూర్చుండి చూచుచుంటిని. నోరు మెదపలేదు. తరువాత కొలది దినములకే ఆ బాలుడు పాఠశాల విడిచి వెడలిపోయెను. మరల రాలేదు.

పిదప నేను అధ్యాపకుడనైతిని. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని. ఈ కథను శిష్యులకు ఎన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు. "మాలో ఒకడు చెంబు తన్నెను, వేఱొకనికి దెబ్బలు తగిలినవి, కావున విచారింపక ఎవరిని శిక్షింపరాదు" అని నీతిని గూడ చేర్చి చెప్పెడివాడను. పిల్లలు నవ్వెడివారు. నా మాటలో అసత్యము లేదు గదా యని నేనును తృప్తిపడెడివాడను.

అసత్యము లేదా? ద్రోణవధ ఘట్టమును స్మరింపుడు. ధర్మరాజు ఆనాడు చెప్పిన వాక్యమున ప్రతి పదమును సత్యమే. అశ్వత్థామ యను ఏనుగు నిజముగనే చచ్చినది. అయినను ఏనుగన్న మాటను ఆయన అస్ఫుటముగా పలికెను. అంతవఱకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచుచుండిన ఆయన రథము ఆ క్షణముననే నేలకు దిగినదని వ్యాసులవారు చెప్పిరి. పదములు సత్యములైనను, వినువాడు ఏమని గ్రహింపవలెనని మనము కోరుచున్నామో అది అసత్యమైనచో, ఆ వాక్యము అసత్యమే. నా 'మాలో ఒకడు' అన్న మాట ధర్మరాజు మెల్లగా పలికిన పదము వంటిదే. వారిది యుద్ధమున ఒక్కమాఱు జరిగినది. నాది ముప్పదియైదేండ్లు సాగినది.

సంచికకై వ్రాయునప్పుడు తొలుత అలవాటు చొప్పున ఆ మాటయే వ్రాసి, కొట్టివేసితిని. రెండవమాఱు, "బాల్యమున ఎన్నియో అపరాధములు చేసిన పాపిని" అని వ్రాసితిని. చదివికొన్నచో వినయముగా, భక్తుని మాటవలె మిక్కిలి ఇంపుగా నున్నది. ఇచ్చట కొంత విచారింపవలెను. మన సంప్రదాయమున నైచ్యానుసంధానము కలదు. యామునాచార్యులవారు స్తోత్రరత్నములో, లోకమున నిందితమైన కర్మ ఏదియు తాము చేయక విడువలేదన్నట్లు భగవంతునికి విన్నవించుకొనిరి. అంతటి మహాత్ములు అట్టి పాపములు చేసిరా? చేయలేదు గదా, మఱి అది అసత్యము కాదా యని కొందఱు అడుగుదురు. కాదు. అది భగవంతుని సన్నిధిలో, ఆయన కల్యాణగుణముల యెదుట తన్ను కొలిచికొని చెప్పిన మాట. పర్వతపాదమున నిలిచినవాడు తన్ను అణువుగా చూచుకొనుట వంటిది. అది శరణాగతికి అంగము, చరిత్రకథనము కాదు. ఆ భాషను తెచ్చి మనము జీవితకథలో వాడుకొన్నచో అది మఱుగు అగును. 'నేను పాపిని' యనుట సులభము. విన్నవారు పొగడుదురు గూడ. 'ఫలానా రాత్రి నేను చెంబు తన్ని, ఉదయమున మాటాడక కూర్చుంటిని' అనుట కష్టము. పాపములన్నింటిని ఒప్పుకొనుట యను నెపమున ఒక్క పాపమును దాచుట కూడ సంభవించును. నేను ఆ వాక్యమును గూడ కొట్టివేసితిని.

మూడవమాఱు ఇట్లు వ్రాసితిని: "చెంబు తన్నినవాడను నేనే. నా మౌనమువలన నిరపరాధి దెబ్బలు తినెను. గురువుగారు అతనిని పాఠశాలనుండి వెడలగొట్టిరి." వ్రాసిన పిదప మనసు తేలికయైనది. ఇక సత్యవ్రతము నెఱవేఱినదనుకొంటిని.

కాని నేను నీటిపాలు చేసిన తర్కసంగ్రహమే నన్ను ఆపినది. అన్నంభట్టు జ్ఞానమును స్మృతి, అనుభవము అని రెండుగా విభజించి, సంస్కారమాత్రము వలన పుట్టునది స్మృతి యని లక్షణము చెప్పెను. యథార్థానుభవమునుండి పుట్టినచో స్మృతియు యథార్థము. అయథార్థానుభవమునుండి పుట్టినచో అయథార్థము. మన విశిష్టాద్వైతమున శ్రీనివాసాచార్యుల యతీంద్రమతదీపిక స్మృతికి ఇంకను గౌరవమిచ్చి, పూర్వప్రత్యక్షమును ఆశ్రయించి యుండుటచే దానిని ప్రత్యక్షములోనే చేర్చినది. ఏ మతము చొప్పున చూచినను విషయమొక్కటే: మూలమున ప్రత్యక్షముండవలెను. త్రాటిని చూచి పామనుకొన్నవాడు ఏబదియేండ్ల తరువాత గూడ పామునే జ్ఞాపకము చేసికొనును; అతని జ్ఞాపకశక్తి గట్టిదైనకొలది ఆ పాము గూడ గట్టిపడును. నేను దెబ్బలను చూచితిని, అది ప్రత్యక్షము. బాలుడు లేకపోవుటను చూచితిని, అదియు ప్రత్యక్షమే. గురువుగారు వెడలగొట్టుటను చూచితినా? చూడలేదు. దెబ్బలకును, వెడలుటకును నడుమ ముడివేసినవాడను నేనే. అనుమానమును వ్యాప్తిజ్ఞానము లేకయే చేసి, దానిని స్మృతిగా దాచుకొంటిని.

ఆ సహాధ్యాయి ఉన్న ఊరు తెలిసికొని బస్సెక్కి వెళ్ళితిని. అతడు కొలదిపాటి సేద్యము చేసికొనుచు, ఊరి వేణుగోపాలస్వామికి అర్చన చేయుచున్నాడు. తీర్థప్రసాదములైన పిదప మండపమున కూర్చుంటిమి. నేను వచ్చిన పని చెప్పితిని. అతడు ఆశ్చర్యపడెను.

"నన్నెవరు వెళ్ళగొట్టినారయ్యా? మా నాయన మంచము పట్టినాడని ఇంటినుండి ఉత్తరము వచ్చినది. గురువుగారే ఛార్జీకి డబ్బులిచ్చి, తమ పంచె యొకటి సంచిలో పెట్టి, నన్ను బస్సు ఎక్కించి వెళ్ళినారు. నాయన పోయినాడు. ఇంటికి పెద్దవాడను. ఇక చదువెక్కడిది?"

నేను చెంబు సంగతి చెప్పితిని. అతడు కొంతసేపు మాటాడలేదు.

"ఆ రెండు దెబ్బలు మాత్రము జ్ఞాపకమున్నవి. నీవే అని నాకప్పుడే తెలియును. ఆ ఉదయము నీ పంచె అంచు నీలముగా ఉన్నది."

"మఱి గురువుగారితో ఏల చెప్పలేదు?"

"చెప్పిన నీకును తగులును గాని, నాకు తగిలినవి పోవు గదా. వ్రాయవలెనన్న వ్రాయుము. నా పేరు మాత్రము వద్దు. ఈ ఊరిలో నన్ను అర్చకుడనియే ఎఱుగుదురు. గురువుగారు తఱిమినారని మాత్రము వ్రాయకు. అది అపచారము."

పైన వ్రాసిన అతని మాటలు అక్షరాక్షరము అవియే యని నేను ప్రమాణము చేయజాలను. భావము మాత్రము అదియే. పంచె అంచు నీలముగా నుండుట నాకు ఎంతమాత్రము జ్ఞాపకము లేదు. నా అపరాధమునకు సాక్ష్యమైన ఆ ఒక్క వస్తువును నా మనసు విడిచిపెట్టినది. జరుగని బహిష్కారమును మాత్రము ఏబదియేండ్లు భద్రముగా దాచినది.

తిరిగివచ్చునప్పుడు బస్సులో నాకు భారతమునందలి కర్ణపర్వ ఘట్టము తోచినది. కర్ణుని చేతిలో నొచ్చి శిబిరమునకు చేరిన ధర్మరాజు, కర్ణుడింకను చావలేదని విని కోపించి, గాండీవమును మఱియొకని కిమ్మని అర్జునుని నిందించెను. అట్లన్నవానిని చంపుదునని అర్జునునకు ప్రతిజ్ఞ కలదు. సత్యమును కాపాడుకొనుటకై అన్నపై కత్తి దూసెను. అప్పుడు శ్రీకృష్ణపరమాత్మ అతని నాపి మూడు విషయములు బోధించెను. మొదటిది కౌశికుని కథ. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన ఆ తపస్వి, దొంగలు తఱుముచుండగా పారిపోయి దాగినవారి చోటును ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావునకు కారకుడై నరకమున పడెను. రెండవది, పెద్దవానిని ఏకవచనముతో సంబోధించి అవమానించుట అతనిని వధించుటతో సమానము. అట్లు నిందించిన పిదప అర్జునుడు పశ్చాత్తాపముతో తన్ను తాను చంపుకొనబోగా, మూడవ మాట చెప్పెను: తన గుణములను తానే పొగడుకొనుట ఆత్మహత్యతో సమానము.

ఆత్మకథ వ్రాయువానికి ఇంతకంటె వేఱు ధర్మశాస్త్రము అక్కఱలేదు. వ్రాయువాడు ఆ మూడు ప్రమాదముల నడుమనే కూర్చుండి వ్రాయును. తన్ను పొగడుకొన్నచో తన్ను చంపుకొనును. పెద్దలను తేలికగా నిందించినచో వారిని చంపును. నిజమే గదా యని ఇతరుల రహస్యములను వెల్లడించినచో కౌశికుడగును. నేను అర్జునుని వలెనే సత్యప్రతిజ్ఞ నెఱవేర్చుకొనుచున్నానను ఆవేశముతో, నన్ను శిక్షించుకొనుచున్నానను భ్రాంతితో, పరమపదించిన గురువుగారిపై కత్తి దూసితిని. పశ్చాత్తాపము గూడ విచారము లేనిచో హింసయే యగును. అందును అహంకారము సూక్ష్మముగా దాగియుండును: ఒకని జీవితమంతయు నావలననే మాఱినదను తలపు, గొప్పతనమును చెప్పికొనుటకు తోబుట్టువే. అతని చదువు ఆగినది నా వలన గాదు. తండ్రి మరణము వలన. నాది రెండు దెబ్బల అపరాధము, ఒక మౌనము. ఉన్నదానికంటె తగ్గించి చెప్పుటయు అసత్యమే, పెంచి చెప్పుటయు అసత్యమే.

అయినచో ఇతరులకు నొప్పి కలుగునని అన్నియు మాని, తీపి మాటలే వ్రాయవలెనా? అదియు కాదు. మహాత్మాగాంధి వైష్ణవకుటుంబమున జన్మించినవారు. ఆయన సత్యశోధన 1925 నుండి 1929 వఱకు నవజీవన్ పత్రికలో వారము వారము వెలువడినది. పదునైదేండ్ల వయసున అన్నగారి కడియమునుండి బంగారపు తునకను దొంగిలించుటయు, చీటి వ్రాసి తండ్రి కిచ్చుటయు, మంచముపై నున్న తండ్రి చదివి కన్నీరు కార్చి చీటిని చింపివేయుటయు అందు స్పష్టముగా వ్రాసిరి. 'బాల్యమున కొన్ని తప్పులు చేసితిని' అని విడువలేదు. అయితే తన్ను మాంసభక్షణమునకు పురికొల్పిన మిత్రుని ప్రసంగము వచ్చినప్పుడు జరిగినదంతయు చెప్పిరి గాని, అతని పేరు చెప్పలేదు. తన దోషమునకు తెర లేదు, ఎదుటివాని పేరునకు తెర కలదు. సాధారణముగా మనము దీనికి విపరీతముగా చేయుదుము.

కావున నాకు తోచిన నిర్ణయమిది. విడుచుట వేఱు, మార్చుట వేఱు. ఇతరుల గౌరవముకొఱకు విడువవచ్చును. మన గౌరవముకొఱకు విడువరాదు. ఎవరికొఱకును మార్చరాదు. చూచినదానిని చూచితిననియు, విన్నదానిని వింటిననియు, ఊహించినదానిని ఊహించితిననియు వేఱుగా చెప్పవలెను. 'నాకు జ్ఞాపకమున్నంతవఱకు' అన్న మాటను వ్రాయుటకు సిగ్గుపడరాదు. అపరాధము చేసినచోట, ఆ అపరాధమునకు గుఱియైనవాడు జీవించియున్నచో, కాగితము కంటె ముందు అతని కడకు పోవలెను. పాఠకులకు చెప్పుట ప్రాయశ్చిత్తము కాదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాయశ్చిత్తమును తప్పించుకొనుటకు సుఖమైన మార్గము.

యాత్రికులకు ఒక్క విన్నపము. స్వామి మహిమను చెప్పునప్పుడు కొంత కల్పించినను పుణ్యమే గదా యని కొందఱు భావింతురు. భగవంతుని మహిమకు మన అబద్ధము ఊతకోల కానక్కఱలేదు. మెట్లెక్కునప్పుడు కాళ్ళు నొచ్చినవి, క్యూలో విసుగు కలిగినది, గర్భాలయము ముందు నిలిచిన క్షణమున కోరదలచిన కోరికయే మఱచిపోతిమి - ఇంతే జరిగినచో ఇంతే చెప్పుడు. వినువాడు రేపు తాను వెళ్ళినప్పుడు తనకును అదియే జరిగినచో ధైర్యము తెచ్చుకొనును. లేని అద్భుతమును మనము చెప్పినచో, తనకది కలుగలేదని అతడు తన భక్తినే శంకించుకొనును. మన ముచ్చట వానికి ముల్లగును.

సంచికకు నేను పంపినది ఒకటిన్నర పుట మాత్రమే. చెంబు తన్నినవాడను నేనని వ్రాసితిని. దెబ్బలు తిన్నవాని పేరు వ్రాయలేదు. గురువుగారు నిరపరాధిని కొట్టిన మాట విడువలేదు, అది జరిగినది గనుక. ఆయన ఛార్జీకి ధనమిచ్చి, తమ పంచెను సంచిలో పెట్టి బస్సెక్కించుటను గూడ వ్రాసితిని, చెప్పినవాడు చూచినవాడు గనుక. మొదటి రెండు ప్రతులంత సొగసుగా ఇది లేదు. అచ్చయిన పిదప పూర్వశిష్యులు కొందఱు, "గురువుగారూ, ఆ మాలో ఒకడు మీరేనా?" అని అడిగిరి. అవును, నేనే.

మనము వ్రాయు ప్రతి అక్షరమునకు మొదటి పాఠకుడు హృదయమునందున్న అంతర్యామి. ఆయన చీకటిగదిలో చెంబు ఒరిగినప్పుడును ఉన్నాడు, వ్యాసము వ్రాయునప్పుడును ఉన్నాడు. ఆయనకు తెలిసిన కథకును, మనము చెప్పు కథకును దూరము దినదినము తగ్గునట్లు శ్రీ వేంకటేశ్వరస్వామి మనల ననుగ్రహించుగాక.